ముద్రల కథ – 9: కాంటర్‌బరీ నుంచి కచేరీ వేపచెట్టు దాకా

1956 ఫిబ్రవరి 13. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఎనిమిదేళ్ళు దాటింది. రాజ్యాంగం అమల్లోకి వచ్చి ఆరేళ్ళు నిండింది. కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం మూడో ఏట నడుస్తోంది. అయినా ఆ రోజున మద్రాసులోనో బొంబాయిలోనో అన్ని రకాల నోటరీ పనులూ చేయగల ఒక పెద్దమనిషిని పట్టుకుని, "అయ్యా, మీ ముద్రకు ఈ అధికారం ఎవరిచ్చారు?" అని అడిగితే, ఆయన చూపించే పత్రం ఢిల్లీ నుంచి వచ్చింది కాదు. ఇంగ్లండులో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు కింద పనిచేసే 'మాస్టర్ ఆఫ్ ది ఫాకల్టీస్' అనే అధికారి ఇచ్చింది. అంటే మన ఊరి కాగితం మీద పడే ముద్రకు వేరు ఒక క్రైస్తవ పీఠంలో ఉంది. ఆ మర్నాడు, ఫిబ్రవరి 14న, నోటరీల చట్టం అమల్లోకి వచ్చాకే ఆ వేరు తెగింది.

కిందటి భాగంలో గ్రామ కరణం దస్తూరి గురించి రాశాను. అది చదివి నంద్యాల నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. తండ్రిగారు చాలా ఏళ్ళ కిందట ఇంటిస్థలం కొన్నారట, స్టాంపు పేపరు మీద రాయించి నోటరీ చేయించారట. గుండ్రటి ముద్ర ఉంది, స్టాంపు ఉంది, నంబరు ఉంది. "ఇన్ని ఉన్నాయి కదండీ, ఇది రిజిస్ట్రేషన్‌తో సమానం కాదా?" అని అడిగారు. కాదు. ఎందుకు కాదో ఒక్క వాక్యంలో చెప్పవచ్చు గాని, అలా చెబితే ఆ ముద్ర అసలు దేనికి పుట్టిందో తెలియకుండా పోతుంది. అందుకని ఈ భాగమంతా ఆమె ప్రశ్నకే కేటాయిస్తున్నాను.

నోటరీ అన్న మాట రోమునుంచి వచ్చింది. లాటిన్‌లో 'నోటా' అంటే గుర్తు. మనిషి మాట్లాడుతుండగానే పొట్టి గుర్తులతో గబగబా రాసుకునేవాణ్ణి 'నోటారియస్' అనేవారు. సిసెరో దగ్గర బానిసగా ఉండి తర్వాత విముక్తుడైన టైరో పేరుమీద అలాంటి గుర్తుల పద్ధతి ఒకటి శతాబ్దాలపాటు నడిచింది. ఒప్పందాలు రాసిపెట్టే వృత్తివాళ్ళు వేరే ఉండేవారు, వాళ్ళని 'టాబెల్లియో' అనేవారు. కాలం గడిచేకొద్దీ ఈ రెండు పనులూ ఒకరి చేతిలోకే వచ్చాయి. చెప్పింది విని, విన్నది రాసి, "నా ఎదుట జరిగింది" అని సాక్ష్యమిచ్చేవాడు నోటరీ అయ్యాడు. నిర్ణయించేవాడు ఇతను కాడు, పంచేవాడూ కాడు. విన్నవాడు, చూసినవాడు, రాసినవాడు. ఈ పునాదిని గుర్తుంచుకుంటే నంద్యాల ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

ఈ వృత్తికి పెద్ద పీట వేసిన ఊరు ఇటలీలోని బొలోన్యా. పదమూడో శతాబ్దంలో అక్కడ నోటరీ విద్యకే ప్రత్యేకంగా బడి ఉండేది. రోలాండినో ద పస్సజ్జేరి అనే పండితుడు రాసిన పాఠ్యగ్రంథాన్ని యూరప్‌లో తరతరాలుగా చదువుకున్నారు. 1300లో ఆయన చనిపోతే రాజుకు కట్టినట్టు సమాధి కట్టారు, అది ఇప్పటికీ సాన్ డొమెనికో చౌకులో నిలబడి ఉంది. ఊరి ప్రధాన చౌకులో నోటరీల సంఘానికి ఏకంగా ఒక భవనమే ఉంది. ఒక్కొక్క నోటరీకి చేత్తో గీసుకునే సొంత గుర్తు ఉండేది, ఇంకొకరు దాన్ని వాడకూడదు. ఇవాళ్టి రబ్బరు ముద్రకు ముత్తాత ఆ గీతల బొమ్మే.

1265లో బొలోన్యా నగరం ఒక కొత్త కట్టుబాటు చేసింది. 20 లీరాలకు మించిన ఒప్పందాలన్నిటినీ ఊరి పెద్ద రిజిస్టర్లలో ఎక్కించాలి. ఆ రిజిస్టర్లలో పుట చివర ఖాళీ మిగిలితే తర్వాత ఎవరైనా ఒక వాక్యం ఇరికించే ప్రమాదం ఉంది కదా! అందుకని నోటరీలు ఆ ఖాళీల్లో కవితలు రాసి నింపారు. నోటికొచ్చిన ప్రేమగీతాలు, జనం పాడుకునే పాటలు, అప్పుడప్పుడే పేరు తెచ్చుకుంటున్న కుర్రకవుల పద్యాలు. దాంతే అలిగియేరి రాసిన తొలినాటి కవిత ఒకటి 1287 నాటి రిజిస్టరులో అలా దొరికింది. ఒప్పందాలకు కావలి కాయడానికి కవిత్వాన్ని నిలబెట్టిన మనుషులు వాళ్ళు. ఆ రిజిస్టర్లు లేకపోతే ఇటాలియన్ భాష బాల్యం గురించి మనకు తెలిసింది చాలా తక్కువ ఉండేది. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నా ఒళ్ళు పులకరించింది. మన నోటరీ ఈనాడు కాగితంలో ఖాళీ కనిపిస్తే అడ్డగీత కొట్టమంటాడు, దిద్దిన ప్రతిచోటా పొట్టి సంతకం పెట్టమంటాడు. చాలామందికి అది చాదస్తంలా తోస్తుంది. కాని దాని వెనక ఏడున్నర శతాబ్దాల అనుభవం ఉంది.

మరో దృశ్యం. 1492 అక్టోబరు 12. కొలంబస్ పడవ దిగి గ్వానహాని అనే దీవి ఇసుక మీద కాలుపెట్టాడు. జెండాలు పాతాడు. స్పెయిన్ రాజు, రాణి పేరున ఈ నేలను స్వాధీనం చేసుకుంటున్నానని ప్రకటించాడు. పక్కన రోద్రీగో ద ఎస్కొబేదో ఉన్నాడు. ఆయన నౌకాదళానికి అధికారిక లేఖకుడు, అంటే నోటరీ. "నువ్వు సాక్ష్యం, రాసుకో" అన్నాడు కొలంబస్. ఎస్కొబేదో రాసుకున్నాడు. అక్కడే నిలబడి చూస్తున్న దీవి జనానికి ఆ భాష తెలియదు, ఆ కాగితంలో ఏముందో తెలియదు. ఆ నోటరీ రాసినదాంట్లో అబద్ధమేమీ లేదు. ఫలానా రోజున, ఫలానా వ్యక్తి, ఫలానా మాటలు పలికాడు, అది నిజమే. కాని పలికినవాడికి ఆ నేల మీద ఏ హక్కుందో ఆ కాగితం చెప్పలేదు, చెప్పలేదు గనకే ఆ దీవుల్లో తర్వాత జరిగినదంతా జరిగింది. నోటరీ ముద్ర బలమూ పరిమితీ రెండూ ఒకే చోట ఇంత స్పష్టంగా కనిపించే ఘట్టం చరిత్రలో నాకు ఇంకొకటి తారసపడలేదు.

ఇక కాంటర్‌బరీ సంగతి. మధ్యయుగాల ఇంగ్లండులో నోటరీని నియమించే అధికారం రోములోని పోపుది, ఆయన తరఫున ఆర్చిబిషప్పుది. ఎనిమిదో హెన్రీ రాజు పెళ్ళి గొడవలో రోముతో తెగతెంపులు చేసుకున్నాక, 1533 నాటి చట్టంతో పోపు ఇచ్చే అనుమతులన్నీ రద్దయ్యాయి. వాటిలో నోటరీ నియామకం కూడా ఉంది. ఆ అధికారాన్ని కాంటర్‌బరీ ఆర్చిబిషప్పుకు అప్పగించారు. ఆయన కింద 'కోర్ట్ ఆఫ్ ఫాకల్టీస్' వెలిసింది. ఇంగ్లండు నోటరీలు ఈనాటికీ అక్కడే నియమితులవుతారు. ఇంగ్లీషు ఓడలు మన రేవులకు వచ్చినప్పుడు వాటితోపాటు ఆ అధికారమూ సముద్రం దాటింది.

మరి అంతకుముందు మనవాళ్ళు కాగితాలను ఎలా నమ్మేవారు? కాకతీయుల, రాయల నాటి శాసనాల్లో రాసినవాడి పేరో చెక్కినవాడి పేరో కనిపిస్తుంది. పైన సూర్యచంద్రుల బొమ్మ ఉంటుంది, వాళ్ళే సాక్షులు. 'ఆచంద్రార్కం' అన్న మాటకు రూపం అది. పల్లెలో తాటాకు మీదైనా కాగితం మీదైనా "ఇందుకు సాక్షులు" అని నాలుగు పేర్లు, చివర "దస్తూరి ఫలానా" అని రాసినవాడి పేరు. చదువు రానివాళ్ళు నాగలి గుర్తో, కత్తి గుర్తో గీసేవారు, దాన్ని నిశానీ అన్నాం. మహమ్మదీయ ప్రభువుల కాలంలో పట్టణాల్లో ఖాజీ ఈ పని చూసేవాడు. బైనామా, ఖరారునామా, ముక్త్యారునామా లాంటి కాగితాలను ఆయన ముందుకు తీసుకెళితే మొహరు వేసేవాడు, నకలు తన దగ్గర ఉంచుకునేవాడు. దస్తావేజు, మొహరు, అసలు, నకలు, రాజీనామా, వకాల్తా – ఇవన్నీ ఆనాడు మన నోటికి అంటుకుని ఇప్పటికీ వదలని మాటలు. ఈ కథను విడిగా రాయాలని ఉంది, ఇక్కడ పొడిగించను.

కుంపిణీ దొరలు వచ్చాక 1802లో మద్రాసు రెగ్యులేషన్లు చాలా వెలువడ్డాయి. వాటిలో పదిహేడోది జిల్లాల్లో దస్తావేజుల నమోదుకు ఏర్పాటు చేసింది, ఇరవై తొమ్మిదోది కరణాల ఉద్యోగం గురించినది. 1864లో దేశమంతటికీ మొదటి రిజిస్ట్రేషను చట్టం వచ్చింది, ఖాజీల పాత అధికారాలను తీసేసిన చట్టం కూడా ఆ ఏడాదే వచ్చింది. నూరు రూపాయలు, ఆ పైన విలువున్న స్థిరాస్తి అమ్మకాలను తప్పనిసరిగా నమోదు చేయించాలన్న నియమం ఆ కాలం నాటిదే. 1908 చట్టంలో అదే కొనసాగింది, ఈనాటికీ ఆ నూరు రూపాయల అంకె మారలేదు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడండి. భూమి చేతులు మారిన సంగతిని ఊరందరికీ తెలిసేలా, ఎవరు అడిగినా చూసుకునేలా ఒక ప్రభుత్వ పుస్తకంలో ఎక్కించే పని సబ్‌రిజిస్ట్రారుకు వెళ్ళింది. నోటరీ దారి వేరు, అది రేవుల్లోనూ బజారుల్లోనూ నడిచింది.

ఆ దారి ఏమిటో చూద్దాం. ఒక ఓడ బంగాళాఖాతంలో తుపానుకు చిక్కింది, సరుకు తడిసింది. ఎలాగో కాకినాడకో విశాఖకో చేరింది. సరుకు యజమాని "నీ అజాగ్రత్త వల్ల పాడైంది" అంటాడు, కెప్టెన్ "సముద్రం వల్ల" అంటాడు. రేవు చేరగానే కెప్టెన్ చేయవలసిన మొదటి పని నోటరీ దగ్గరికి వెళ్ళి, ఏ రోజున ఎక్కడ ఏ గాలి కొట్టిందో ప్రమాణపూర్వకంగా చెప్పి రాయించడం. దాన్ని ఓడ ప్రొటెస్టు అంటారు. నోటరీ ఓడలో లేడు, గాలిని చూడలేదు. కాని కెప్టెన్ మాటలు మారకముందే, జ్ఞాపకం చెడకముందే, వాటిని తేదీతో సహా బిగించి పెట్టాడు. మన నోటరీల చట్టంలో ఎనిమిదో సెక్షన్ చదివితే ఓడ ప్రొటెస్టు, పడవ ప్రొటెస్టు అన్న మాటలు ఇప్పటికీ ఉన్నాయి. జిల్లా కోర్టు ముందు కూర్చున్న నోటరీకి చట్టప్రకారం తుపాను సాక్ష్యం రాసే అధికారం కూడా ఉందన్నమాట.

బజారులో హుండీలది ఇదే కథ. ఒక ఊరి షావుకారు ఇంకో ఊరి షావుకారు మీద హుండీ, అంటే ఫలానావారికి ఇంత సొమ్ము ఇవ్వమనే కాగితం, రాస్తాడు. చూపగానే డబ్బివ్వవలసింది దర్శనీ హుండీ, గడువు పెట్టింది ముద్దతి హుండీ. అవతలివాడు డబ్బివ్వనంటే? నోటరీ స్వయంగానో గుమాస్తా చేతనో దాన్ని మళ్ళీ చూపించి అడుగుతాడు, నిరాకరణను ఆ కాగితం మీదే రాస్తాడు, ఆపై విడిగా ప్రొటెస్టు పత్రం తయారుచేస్తాడు. 1881లో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం వచ్చినప్పుడు, ఈ పనికోసం నోటరీలను నియమించే అధికారం గవర్నర్ జనరల్‌కు ఇచ్చారు. అలా నియమితులైనవారు ఆ చట్టం పనులకే పరిమితం. మిగతా పనులకు మళ్ళీ కాంటర్‌బరీ దిక్కే.

ఆ అధికారం ఇచ్చిన సెక్షన్ నంబరు ఎంతో తెలుసా? 138. అవును, ఈనాడు చిట్టీల కంపెనీ గుమాస్తా దగ్గర్నుంచి ఎరువుల కొట్టు యజమాని దాకా అందరికీ నోటికి వచ్చిన, చెక్కు బౌన్సయితే కేసు పెట్టే అదే 138. నోటరీల సంగతి విడి చట్టంలోకి వెళ్ళిపోయాక ఆ సెక్షన్ ఖాళీ అయింది. 1988లో దాంట్లోకి చెక్కుల నేరాన్ని తెచ్చిపెట్టారు. బాకీదారు మొండికేస్తే సాక్ష్యం పుట్టించే ఏర్పాటు ఉన్నచోటనే, బాకీదారును జైలుకు పంపే ఏర్పాటు వచ్చి కూర్చుంది.

1952లో పార్లమెంటు నోటరీల చట్టం చేసింది, ఆ ఏటి 53వ చట్టం అది. బిల్లుకు ఉద్దేశాలు చెబుతూ ప్రభుత్వం దాచకుండానే అసలు సంగతి రాసింది: భారతదేశంలో ఉన్నవాళ్ళు ఇంకా ఇంగ్లండులోని అధికారి నుంచి ఈ హక్కు పొందడం తగదని. జెండాలు దించడం, విగ్రహాలు తీయడం కంటికి కనబడే పనులు. ఇలాంటి చిన్న చిన్న వేళ్ళను వెతికి పట్టుకుని తెంపడం ఎవరికీ కనబడని పని. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్ళలో ఢిల్లీ ఆఫీసుల్లో కూర్చుని ఆ పని చేసిన పేరులేని గుమాస్తాల మీద నాకు చెప్పలేనంత గౌరవం.

ఆ చట్టం, 1956 నాటి నియమాలు కలిపి ఈనాటి నోటరీని తయారుచేశాయి. పదేళ్ళు న్యాయవాదిగా పనిచేసినవారు దరఖాస్తు చేసుకోవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన వర్గాలవారికి ఏడేళ్ళు చాలు. కేంద్రమో రాష్ట్రమో నియమిస్తుంది, ఏ ప్రాంతంలో పనిచేయాలో చెబుతుంది. ధ్రువపత్రం మొదట మూడేళ్ళకు ఇచ్చేవారు, 1999లో చేసిన సవరణతో అది ఐదేళ్ళయింది, గడువు తీరేలోగా పొడిగింపుకు దరఖాస్తు చేసుకోవాలి. ముద్ర గుండ్రంగా 5 సెంటీమీటర్ల వ్యాసంతో ఉండాలి. అందులో నోటరీ పేరు, ప్రాంతం, రిజిస్టరు నంబరు, నియమించిన ప్రభుత్వం పేరు ఉండాలి. వసూలు చేసే రుసుముల పట్టికను గది లోపలా బయటా అందరికీ కనబడేలా పెట్టాలి. అది కనబడకపోతే అడగండి, అడగడం మీ హక్కు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆయన బల్ల మీది రిజిస్టరు. మీ కాగితానికి ఒక వరస నంబరు పడుతుంది. రిజిస్టరులో అదే నంబరు ఎదురుగా తేదీ, చేసిన పని ఏమిటి, మీ పేరు, చిరునామా, తీసుకున్న రుసుము రాసి, మీచేత సంతకం పెట్టించాలి. కాగితం మీద ముద్ర ఉండి రిజిస్టరులో నమోదు లేకపోతే, రేపు కోర్టులో ఎవరైనా తవ్వినప్పుడు ఆ ముద్ర సిరా మచ్చగా మిగిలిపోతుంది. బొలోన్యాలో 1265లోనే తెలిసిన సంగతి ఇది. అయినా మనవాళ్ళు ముద్ర పడిందా అని చూస్తారు గాని, రిజిస్టరులో సంతకం అడగలేదేమిటి అని ఆలోచించరు. కొన్నిచోట్ల సంతకం చేసినవాడు ఊళ్ళోనే లేకుండా, ఇంకెవరో కాగితం తీసుకెళ్ళి ముద్ర వేయించుకొస్తారు. మీరు నోటరీ ఎదుట కూర్చుని, అసలు గుర్తింపు కార్డు చూపించి, ఆయన చూస్తుండగా సంతకం పెట్టకపోతే అక్కడ నోటరీ జరగనట్టే. నకలు ధ్రువీకరణైనా అంతే, అసలు పక్కన పెట్టి పోల్చి చూడకుండా "ట్రూ కాపీ" అని కొట్టడానికి వీల్లేదు.

ఇప్పుడు నంద్యాల పాఠకురాలికి నేరుగా చెబుతాను. అమ్మా, మీ నాన్నగారి కాగితం మీది ముద్ర ఒక్క సంగతి చెబుతుంది: ఆ రోజున, ఆ నోటరీ ముందు, ఆ పేరుగల మనుషులు ఆ కాగితం మీద సంతకాలు పెట్టారని. అమ్మినాయనకు ఆ స్థలం మీద హక్కుందో లేదో అది చెప్పదు. ఉన్నా, ఆ హక్కు మీ నాన్నగారికి బదిలీ అయిందనీ చెప్పదు. ఆస్తి బదిలీ చట్టం 1882లోనే చెప్పింది, నూరు రూపాయలు, ఆ పైన విలువున్న స్థలం అమ్మకం రిజిస్టరు పత్రంతోనే జరుగుతుందని. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), అంటే ముక్త్యారునామా, రాయించుకుని అమ్మకం అయిపోయిందనుకునే పద్ధతి చెల్లదని 2011లో సుప్రీంకోర్టు మళ్ళీ గట్టిగా చెప్పింది. అలాగని ఆ కాగితం పారేయకండి. డబ్బు ఇచ్చినట్టు, స్వాధీనం తీసుకున్నట్టు రుజువు చేయవలసి వచ్చినప్పుడు దాని ఉపయోగం ఎంతో ఒక న్యాయవాదికి చూపించి తెలుసుకోండి.

ఈ బాధ మీ ఒక్కరిది కాదు. హైదరాబాదు బస్తీల్లో ఎన్నో కుటుంబాలు నోటరీ కాగితాల మీద కొన్న ఇళ్ళలో తరాలుగా బతుకుతున్నాయి. 2023లో తెలంగాణ ప్రభుత్వం పట్టణ ప్రాంతాల్లో అలాంటి కొనుగోళ్ళను క్రమబద్ధం చేయడానికి ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చింది. పల్లెల్లో దానికి అన్నలాంటిది సాదాబైనామా, తెల్లకాగితం మీద రాసుకున్న భూమి అమ్మకం. వాటి వెనక ఉన్నది అమాయకత్వం ఒక్కటే అనుకోకూడదు. స్టాంపు డ్యూటీకి డబ్బు లేకపోవడం, లేఅవుటుకు అనుమతి లేకపోవడం, అమ్మినవాడి పేరున పట్టా లేకపోవడం, ఇవన్నీ కలిసి జనాన్ని అటు తోశాయి. రిజిస్ట్రారు ఆఫీసు తలుపు మూసుకుపోయినవాళ్ళకు నోటరీ బల్ల దగ్గర ఒక ముద్ర దొరికింది. ఆ ముద్రను చూసుకుని ధైర్యం తెచ్చుకున్నారు. వాళ్ళ ధైర్యాన్ని సొమ్ము చేసుకున్న దళారులది తప్పు. పెళ్ళిళ్ళు, విడాకులు కూడా స్టాంపు పేపరు మీద నోటరీ చేయించి అయిపోయాయనుకునే ఆచారం పాకడంతో, ఆ పని చేయవద్దని కేంద్ర న్యాయశాఖ 2024లో నోటరీలను హెచ్చరించింది.

నోటరీ అంటే ఇంతేనా అని కొందరు అనుకోవచ్చు. ఫ్రాన్సులో, పోర్చుగల్‌లో అలా కాదు. అక్కడ నోటరీయే దస్తావేజు రాస్తాడు, హక్కు పరిశీలిస్తాడు, అసలు ప్రతి తన దగ్గర భద్రపరుస్తాడు. మన దేశంలోనూ ఆ సంప్రదాయపు జాడ ఉంది. పోర్చుగీసు పాలన పోయినా గోవాలో వారసత్వ పత్రాలు ఆ పద్ధతిలోనే నోటరీ అధికారుల ముందు తయారవుతాయి. గోదావరి ఒడ్డున మన యానాం 1954 దాకా ఫ్రెంచి పాలనలోనే ఉంది కదా. పక్కపక్క ఊళ్ళలో రెండు దేశాల చట్టాలు నడిచేవి, ఒకవైపు నోటరీ అనే మాటకు ఒక బరువు, పొలిమేర దాటితే ఇంకో బరువు. అమెరికాలో స్పానిష్ మాట్లాడే వలస జనం ఈ తేడా తెలియకే మోసపోతుంటారు. వాళ్ళ దేశంలో 'నోటారియో' అంటే పెద్ద న్యాయనిపుణుడు. అమెరికాలో నోటరీ కావడానికి చాలా రాష్ట్రాల్లో లాయరు కానక్కరలేదు. ఆ పేరు బోర్డు మీద రాసుకుని, చేయకూడని సలహాలు అమ్మేవాళ్ళు అక్కడ ఉన్నారు.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఈ నోటరీలతో పని తరచూ పడుతుంది. గుంటూరులోని ఇంటివాటా అమ్మాలి, తాము రాలేరు, అన్నయ్యకో మేనమామకో ముక్త్యారునామా రాసి పంపాలి. దాన్ని అక్కడి నోటరీ ముందు సంతకం చేసి ఆ రాష్ట్రంలో అపోస్టిల్ వేయించవచ్చు, లేదా భారత కాన్సులేటులో ధ్రువీకరింపజేయవచ్చు. ఇక్కడికి చేరిన మూడు నెలల లోపు స్టాంపు డ్యూటీ కట్టి చెల్లుబాటు చేయించుకోవాలి. అపోస్టిల్ అనేది 1961 నాటి హేగ్ ఒప్పందంతో పుట్టింది, మన దేశానికి అది 2005 జూలై 14 నుంచి వర్తిస్తోంది. ఒక దేశపు నోటరీ ముద్ర నిజమైనదేనని ఇంకో దేశం నమ్మడానికి వేసే మరో ముద్ర అది. ఆ ఒప్పందంలో లేని దేశాలకు, గల్ఫ్‌లో కొన్నిటికి, వాళ్ళ రాయబార కార్యాలయం ముద్ర విడిగా వేయించుకోవలసిందే.

కాలిఫోర్నియాలో రాసిన రెండు ముక్త్యారునామాల గురించి 1970లో మన సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటుంది. మొదటిదాని మీద ఒక సంతకం ఉంది గాని, సంతకం చేసినవాడు నోటరీ అని ఎక్కడా లేదు, తన ఎదుట రాసిచ్చారనీ లేదు. కోర్టు దాన్ని ఒప్పుకోలేదు. రెండోది సరైన నోటరీ ముందు, అక్కడి చట్టం ప్రకారం, ఆయన ఎదుటే ప్రమాణం చేసి సంతకం పెట్టింది. అది నిలబడింది. ఒకరే రాసిన రెండు కాగితాల మధ్య తేడా అంతా "నా ఎదుట" అన్న మాటలోనే ఉంది.

ఇక చివరిగా వేలిముద్ర సంగతి. 1858 జూలైలో బెంగాల్‌లోని జంగీపూరులో విలియం హెర్షెల్ అనే ఉద్యోగి, రోడ్డు సామాను సరఫరాకు రాజ్యధర్ కొనాయ్ అనే కాంట్రాక్టరుతో ఒప్పందం రాయించాడు. రేపు "ఆ సంతకం నాది కాదు" అంటాడేమోనని అతని అరచేతికి సిరా పూసి కాగితం వెనక అద్దించాడు. ఆ తర్వాత హెర్షెల్ వేళ్ళ ముద్రలను ఏళ్ళతరబడి పరిశీలించి, 1877లో హుగ్లీలో దస్తావేజుల నమోదుకు వాటిని వాడకంలోకి తెచ్చాడు. నాగలి నిశానీని ఎవరైనా గీయగలరు, వేలి గీతలను గీయలేరు. చదువు రాని మనిషికి తన శరీరమే సంతకమైంది. కాని సంతకం ఎవరిదో తేలినంత మాత్రాన, ఏమి రాశారో ఆ మనిషికి తెలిసినట్టు కాదు. అందుకే చదువు రానివారి ప్రమాణపత్రాల చివర, చదివి వినిపించగా అర్థమైందని ఒప్పుకున్నారన్న మాట రాయాలి.

మొన్నామధ్య మా జిల్లా కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద ఒక నోటరీ బల్ల ఎదుట కూర్చుని ఉన్నాను, నా పని నాది. డెబ్బై దాటిన ఒక తల్లిని కొడుకు తీసుకొచ్చాడు. స్టాంపు పేపరు మీద టైపు చేయించిన మూడు పేజీలు. నోటరీగారు కళ్ళద్దాలు సవరించుకుని అడిగారు.

"పెద్దమ్మా, ఇందులో ఏముందో నీకెవరైనా చదివి చెప్పారా?"

"లేదు బాబూ, మావోడు ఏలెయ్యమన్నాడు, వచ్చాను."

"టైమవుతోంది సార్, అన్నీ ఆవిడకి తెలుసు" అన్నాడు కొడుకు.

నోటరీగారు ఇంకు ప్యాడు మూసి పక్కన పెట్టారు. మొదటి పేజీ తీసి మెల్లగా చదవడం మొదలుపెట్టారు. టైపు భాషలో ఉన్న ప్రతి వాక్యాన్నీ మామూలు మాటల్లోకి మార్చి చెప్పారు. వెనక నలుగురం ఎదురుచూస్తున్నాం, ఎవరం తొందరపెట్టలేదు. రెండో పేజీ సగానికి వచ్చేసరికి ఆమె చేయి ఎత్తి ఆపింది.

"అదే, ఇప్పుడన్నావే, ఇంటి సంగతి. ఆ ముక్క ఇంకొకపాలి సదువు బాబూ."

ఆయన మళ్ళీ చదివారు.